తగినవాళ్లు ఎవరూ దొరకలేదట! (పల్లె నుంచి క్లాస్‌రూమ్‌కి – 23)



పోయిన భాగం చివర్లో హాస్టల్ మెస్ సంగతులు మిగిలిపోయాయి, ఈ వారం రాస్తానన్నాను. అది వచ్చే వారం. బుధవారం రాత్రి పదిన్నరకి మా తమ్ముడు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ నా తలలో ఇంకోటి తిరుగుతోంది.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. సివిల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేశాడు, నల్లరేగడి నేలల మీద. ఉత్తరాదిలో ఒక ఎన్ఐటీ నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. ఎస్సీలకు కేటాయించిన పోస్టు. ఇది వాడికి మూడో ఇంటర్వ్యూ. మొదటి రెండు చోట్లా ఫలితాల పట్టికలో ఆ పోస్టు ఎదురుగా ఒకటే మాట: ‘నన్ ఫౌండ్ సూటబుల్’. తగినవాళ్లు ఎవరూ దొరకలేదట.

“అక్కా, అసలు లోపల వాళ్లకేం కావాలి?” అన్నాడు.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని. నాకు ప్రబంధాలు తెలుసు, కథలు తెలుసు. సిమెంటు బస్తా ధరెంతో కూడా సరిగా తెలీదు. అలాంటి నన్ను అడిగాడంటే, అడగడానికి వాడికి ఇంకెవరూ లేరని అర్థం. ఆ రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

వాడితో పాటు అదే ల్యాబ్‌లో చేసిన కుర్రాడు ఒకడున్నాడు. మంచివాడే, వీడితో ఒకే కంచంలో తిన్నవాడే. అతని మేనమామ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. కమిటీలో ఎవరెవరు కూర్చుంటారు, బయటి నుంచి వచ్చే ఎక్స్‌పర్ట్ మొదటి ప్రశ్న థీసిస్ మీద కాకుండా బీటెక్ రెండో ఏడాది పుస్తకంలోంచి ఎందుకు వేస్తాడు, ‘ఏ సబ్జెక్టులు చెప్పగలవు’ అంటే ‘ఏదైనా చెప్తానండీ’ అని ఎందుకు అనకూడదు, ఇవన్నీ అతను పండక్కి ఇంటికెళ్లి అన్నం తింటూ నేర్చుకున్నాడు. దానికి కోచింగ్ అనే పేరు లేదు, ఫీజు లేదు. బయటికి మాత్రం ‘కుర్రాడు చాలా చురుకు’ అని కనిపిస్తుంది.

మనవాడికి ఆ భోజనం బల్ల ఎక్కడిది? సరే, మనమే వేద్దాం అనుకుని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. మా కాలేజీ ఫిజిక్స్ సారుని బతిమాలి పిలిచాను. పక్కింట్లో ట్యూషన్ చెప్పే అమ్మాయి దగ్గర వైట్‌బోర్డు తెచ్చాను. వాడితో పాటు పిన్ని కూడా వచ్చింది. ఉపాధి హామీ పనిలో గుంటలు తవ్వి, మట్టి మోసిన మనిషి. “నేనూ కూర్చుంటానమ్మా, వాడు ఆరేళ్లు ఏం చదివాడో నాకూ తెలియాలిగా” అంది. బోర్డు సిద్ధం.

“మీ గురించి చెప్పండి” అన్నాం. నాలుగు నిమిషాలు చెప్పాడు. పదో తరగతి మార్కుల దగ్గర్నుంచి మొదలెట్టాడు. ఫిజిక్స్ సారు ఆపాడు: “అవన్నీ వాళ్ల ముందున్న కాగితంలో ఉంటాయి నాయనా. నువ్వు ఏం కనుక్కున్నావు, ఇకముందు ఏం చేస్తావు, ఏ పాఠాలు చెప్తావు. మూడే మాటలు.”

తర్వాత లిక్విడ్ లిమిట్ అంటే ఏమిటని అడిగాం. వాడే రాసిచ్చిన ప్రశ్న అది. వాడు థీసిస్‌లోకి వెళ్లి, అక్కణ్ణుంచి గ్రాఫుల్లోకి వెళ్లి, చివరికి ఎప్పటికో అసలు సంగతి చెప్పాడు: గిన్నెలో తడిమట్టికి గాడి గీసి 25 దెబ్బలు కొడితే ఆ గాడి పూడుకునేటంత నీటిశాతం అని. రెండో ఏడాది కుర్రాడు ఒక్క వాక్యంలో చెప్పే జవాబు. డాక్టరేట్ చేసినవాడు మూడు నిమిషాలు తిరిగొచ్చాడు. తెలీక కాదు. ‘ఇంత తేలికైంది అడుగుతున్నారంటే వెనకాల ఏదో ఉచ్చు ఉంది’ అని భయం. ఆ భయం ఊరికే రాలేదు, రెండుసార్లు వెనక్కి పంపితే వచ్చింది.

అసలు విషయం పిన్ని అడిగిన ప్రశ్నతో బయటపడింది. “ఏందిరా నువ్వు చేసింది?” అంది. వాడు తెలుగులో చెప్పాడు. ఎండబెట్టిన మట్టిని సన్నగా జల్లించి పదేసి గ్రాములు రెండు గాజు సిలిండర్లలో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరసనాయిలు. ఒక రోజంతా వదిలేస్తారు. నీళ్లలో మట్టి ఉబ్బుతుంది, కిరసనాయిల్లో ఉబ్బదు. ఆ తేడాని బట్టి ఆ నేల మీద కట్టిన ఇల్లు ఏమవుతుందో అంచనా వేస్తారు. “కిరసనాయిల్లో ఎందుకుబ్బదు?” అని పిన్ని. నల్లరేగడిలో ఉండే ఖనిజం పొరలు పొరలుగా ఉంటుందనీ, నీళ్లు ఆ పొరల మధ్యకి దూరి వాటిని ఎడం చేస్తాయనీ, కిరసనాయిలుకి ఆ గుణం లేదనీ, బూడిదా సున్నమూ కలిపితే ఆ ఉబ్బు ఎంత తగ్గుతుందో తను కొలిచాననీ చెప్పాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఎక్కడా తడబడలేదు. ఫిజిక్స్ సారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, “ఇదే. ఇదే వరసలో ఇంగ్లీషులో చెప్పు” అన్నాడు.

ఆరుసార్లు చెప్పించాం. ఆరోసారికి వచ్చింది.

అక్కడ నాకూ వాడికీ చిన్న గొడవైంది. ‘ఈ టాపిక్కే ఎందుకు తీసుకున్నావు’ అనేది కచ్చితంగా వచ్చే ప్రశ్న. వాడు ఇంగ్లీషు పత్రాల్లోంచి బట్టీపట్టిన జవాబు చెప్పాడు. పిన్ని “మనింటి గోడ చెప్పరా” అంది. కాలనీలో వాళ్లకొచ్చిన ప్రభుత్వ ఇల్లు నల్లరేగడి మీద కట్టింది. ప్రతి వేసవీ నేల నెర్రెలిస్తుంది, ప్రతి వానాకాలం ఉబ్బుతుంది. గోడలో చెయ్యి దూరేంత పగులు. వాడు చిన్నప్పుడు ఆ పగుల్లో గుడ్డపీలికలు కుక్కేవాడు. నాకు ఒళ్లు జలదరించింది, ఇంతకన్నా మంచి జవాబు ఏముంటుంది, కాలనీ పేరుతో సహా చెప్పు అన్నాను. వాడు నా వంక చూసి, “అక్కా, నేను సాయిల్ మెకానిక్స్ చెప్పడానికి వెళ్తున్నా. కాలనీ సంగతి నీ వ్యాసంలో పెట్టుకో” అన్నాడు.

తగిలింది. దళిత సాహిత్యం మీద థీసిస్ రాసినదాన్ని, వాడి గోడ పగుల్ని కూడా సాహిత్యం చేసేయబోయాను. లోపల కూర్చున్నవాళ్లు కాలనీ అనే మాట విని ఏమనుకుంటారో లెక్కేసుకోవాల్సింది వాడు, నేను కాదు. చివరికి వాడే తేల్చుకున్నాడు: ‘మా ఇంటి గోడ పగిలింది’ అని చెప్తాడు. అంతవరకే.

వాడి జంకు నాకు అర్థం కాకపోలేదు. ఎనిమిదేళ్ల కిందట నేనూ ఒక యూనివర్సిటీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. మొదటి ప్రశ్న: “మనుచరిత్ర పాఠం చెప్పగలవా అమ్మా?” దళిత కథ మీద పనిచేసినదానికి ప్రబంధం రాదని వాళ్ల నమ్మకం. పద్యం చదివి, అర్థం చెప్పి, సమాసాలు విడదీశాను. రెండో ప్రశ్న: “పెళ్లయిందా?” మూడోది: “ఏ ఊరు మీది?” చెప్పాను. “ఊళ్లోనేనా?” అన్నాడు ఒక పెద్దాయన. ఊళ్లోనా, పల్లెలోనా అని. ఆ ఒక్క మాటలో నా ఇరవయ్యేళ్ల చదువు పక్కకి జరిగింది. ఏడు నిమిషాల్లో బయటికొచ్చాను. ఆ పోస్టుకీ తగినవాళ్లు ఎవరూ దొరకలేదు.

ఇంటర్వ్యూల్లో ఇంటిపేరూ ఊరూ అడిగే రోగం కొత్తది కాదు. శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే ఇప్పటి ఎన్ఐటీ, అడ్మిషన్ల మీద అజయ్ హసియా కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1980 నవంబరులో తీర్పు. మూడింట ఒక వంతు మార్కులు ఇంటర్వ్యూకే పెట్టారు. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలు, తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అనే ప్రశ్నలు. ఇంటర్వ్యూకి 15 శాతం మించి మార్కులు పెట్టడం ఏకపక్షమేనంది కోర్టు. ఇంటర్వ్యూని టేపు చేస్తే మంచిదని కూడా అంది. గుర్తుపెట్టుకోండి, టేపు రికార్డర్ల కాలంలో అన్న మాట అది. ఇవాళ ప్రతి జేబులోనూ కెమెరా ఉంది, ఆ గదిలో మాత్రం లేదు.

ఆ 15 శాతం లెక్క ఉద్యోగాలకు అలాగే వర్తించదని కోర్టే తర్వాత చెప్పింది. నిజమే. కానీ ప్రభుత్వమే ఏం చేసిందో చూడండి. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్ సీకీ, నాన్ గెజిటెడ్ గ్రూప్ బీకీ ఇంటర్వ్యూలు ఎత్తేశారు, అవినీతికి దారిస్తున్నాయని. తెలంగాణ 2022లో గ్రూప్ 1కి కూడా ఎత్తేసింది. గుమస్తాని ఎంచేటప్పుడు ఇంటర్వ్యూ అనుమానాస్పదం. ప్రొఫెసర్ని ఎంచేటప్పుడు మాత్రం అదే పవిత్రం! యూజీసీ 2018 నిబంధనల్లో అయితే మన పేపర్లూ డిగ్రీలూ పిలుపు వచ్చేదాకానే లెక్క, ఎంపిక మొత్తం ఇంటర్వ్యూ మీదే. ఎన్ఐటీల్లో ప్రెజెంటేషన్ అదీ ఉంటుంది, పద్ధతి కొంచెం వేరు. చివరి మాట మాత్రం అక్కడా ఆ గదిదే.

2019లో ఉపాధ్యాయ పోస్టుల రిజర్వేషన్ చట్టం తెచ్చారు. డిపార్టుమెంటుని కాకుండా సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలన్నారు. మంచిదే, పోరాడితే వచ్చింది. ఏడాది తిరక్కుండానే, ఐఐటీల్లో రిజర్వేషన్ బాగా అమలు కావడానికి సలహాలివ్వమని 2020లో ఒక కమిటీ వేశారు. ఐఐటీ ఢిల్లీ డైరెక్టరే దానికి అధ్యక్షుడు. ఆ కమిటీ ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ఫ్యాకల్టీ పోస్టుల్లో రిజర్వేషన్ నుంచి ఐఐటీలకు మినహాయింపు ఇమ్మని. జ్వరం తగ్గించమంటే థర్మామీటరు పగలగొట్టమన్నట్టు.

ఇదంతా చూసి మనవాళ్లే అంటారు, ‘ఎందుకురా ఆ దండగ, ముందే రాసేసుకుని ఉంటారు’ అని. ఆ మాట నేనూ అన్నాను. మూడేళ్ల కిందట మా హాస్టల్ అమ్మాయి ఒకతె, ఎలక్ట్రానిక్స్‌లో ఎంటెక్ చేసింది, గవర్నమెంటు ఇంజనీరింగ్ కాలేజీ పోస్టుకి అప్లై చేయనా మేడం అని అడిగింది. నాకు అప్పటికి నా ఏడు నిమిషాలే గుర్తున్నాయి. ఫీజు దండగమ్మా అన్నాను. చెయ్యలేదు. ఇప్పుడు ప్రైవేటు కాలేజీలో ఉంది. ఎండాకాలంలో ఊళ్లు తిరిగి అడ్మిషన్లు పట్టుకొస్తేనే జీతం. కనిపించినప్పుడల్లా నవ్వుతూ నమస్కారం పెడుతుంది. ఆ నమస్కారం నాకు గుచ్చుకుంటుంది. వాళ్లు తగవని అనకముందే, నా నోటితో నేనే అన్నాను ఆ పిల్లని.

అందుకే ఇప్పుడు తమ్ముడితో అంటున్నది వేరు. కసిగా చదువు. సాయిల్ మెకానిక్స్ మొదటి పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి. నువ్వు చెప్పగల సబ్జెక్టులు మూడు, నడపగల ల్యాబ్ ఒకటి, పేర్లతో సహా సిద్ధంగా ఉంచుకో. ఒక ప్రాజెక్టు ప్రతిపాదన, ఏ యంత్రం కొంటావు, ఎంతవుతుంది, ఎక్కడ డబ్బు అడుగుతావు, ఒక పేజీలో. తెలీని ప్రశ్నకి తెలీదు అని నిమ్మళంగా చెప్పు. ఇక రెండోది, చదువుతో సమానమైంది: లోపలికి ఎన్నింటికి పిలిచారు, ఎన్నింటికి బయటికొచ్చావు, ఎవరు ఏమడిగారు, నువ్వేం చెప్పావు, అన్నీ గేటు దాటకముందే కాగితం మీద రాసి తేదీ వెయ్యి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల్ని వేరే రోజో, వేరే విడతలోనో ఇంటర్వ్యూ చేయాలని, జనరల్ వాళ్లతో పోల్చి కొలవకూడదని కేంద్రం ఉత్తర్వులున్నాయి. పాటించారో లేదో చూసుకో. మళ్లీ ‘సూటబుల్ కాదు’ అంటే, ఏ కొలతతో కాదో ఆర్టీఐలో అడుగుదాం. కమిటీ మినిట్స్ అడుగుదాం. కదలకపోతే ఎస్సీ కమిషన్‌కి రాద్దాం. రాయడానికి నేనున్నాను, అదొక్కటే నాకు బాగా వచ్చిన విద్య.

ఇంకో మాట, ఇది మన ప్రొఫెసర్లకు. చాలా కమిటీల్లో ఎస్సీ, ఎస్టీల తరఫున ఒక సభ్యుడు ఉంటారు. ఆ కుర్చీలో కూర్చుని, ‘ఊళ్లోనేనా’ అని పక్కాయన అడుగుతుంటే టీ కప్పులోకి చూసుకునే పెద్దలున్నారు. నా ఇంటర్వ్యూలోనూ ఒకాయన చూసుకున్నారు. వారి ఇబ్బంది వారికుంటుంది, ప్రమోషన్లుంటాయి, ఒంటరితనం ఉంటుంది. అయినా సరే అయ్యా, కనీసం ‘ఆ ప్రశ్న ఎందుకండీ’ అనండి. లేదా మినిట్స్‌లో మీ అభిప్రాయం వేరుగా రాసి సంతకం పెట్టండి. అదీ కష్టమైతే నెలకో ఆదివారం మా ఇంటికి రండి, ఇక్కడ ఎవరికీ భయపడక్కర్లేదు.

తమ్ముడు గురువారం రైలెక్కుతున్నాడు. పిన్ని జంతికలు చేస్తోంది. వచ్చే ఆదివారం ఇంకో ఇద్దరు వస్తామన్నారు, ఒకరు మెకానికల్, ఒకరు కంప్యూటర్స్. ఫిజిక్స్ సారుకీ నాకూ ఆ సబ్జెక్టులు పట్టవు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ చెప్పేవాళ్లు ఎవరైనా రెండు గంటలు కూర్చోగలిగితే మెసేజ్ పెట్టండి. కుర్చీలు నాలుగే ఉన్నాయి, పక్కింటి వాళ్లవి అడుగుతాను.