బాలమాతలును మన బడులును

మన సంఘసంస్కర్తలు నూటయేబది సంవత్సరములుగా పెండ్లిపందిరి యెదుట నిలిచి పోరాడుచున్నారు. గొప్ప పోరాటమే. వీరేశలింగము పంతులుగారి తరమువారు ఆ పందిరి గుంజలను పట్టి కదల్పకున్నచో ఐదేండ్ల పెండ్లికూతుళ్లను మనము నేటికిని చూచుచుందుము. చట్టములును వెంట వచ్చెను. 1891లో సమ్మతివయస్సు 12 ఏండ్లాయెను. 1929నాటి శారదాచట్టము మరుసటియేట అమలులోనికి వచ్చి పెండ్లికూతునకు 14 ఏండ్లు విధించెను. 1949లో అది 15 ఆయెను; 1978లో 18 ఆయెను. 2006నాటి చట్టము శిక్షలను పెంచెను. అదియును చాలదని, 21కి పెంచుటకై 2021 డిసెంబరులో లోక్‌సభయందు బిల్లు ప్రవేశపెట్టిరి. 2024లో ఆ సభ రద్దగుటతో బిల్లును చెల్లిపోయెను. ఇన్నిమార్లు వయస్సును పెంచిన పెద్దలలో, ఆ వయస్సు నిండకమునుపే తల్లియైన పిల్ల గతి యేమని యడిగినవా రెందరు? పందిరి వైపు ముఖము పెట్టిన సంస్కర్త ఉయ్యాలవైపు వీపు పెట్టియున్నాడు.

ఉయ్యాలలు తక్కువగా లేవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి 18 నిండకమునుపే పెండ్లియైనది. 15–19 ఏండ్లవారిలో అప్పటికే తల్లులైనవారును గర్భవతులును కలిసి నూటికి 12.6. దేశమున కంతటికిని ఆ లెక్క 6.8; తెలంగాణమునకు 5.8. అనగా మన రాష్ట్రమున ఎనమండ్రు బాలికలలో ఒకతె. అందు 18, 19 ఏండ్లవారును చేరియున్నారు గదా యని లెక్కలవారు అడ్డము రావచ్చును. చేరియున్నారు. కాని పందొమ్మిదవయేట తల్లియైన పిల్ల చదువు మానినది పందొమ్మిదవయేట గాదు.

విజయనగర మహారాజావారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములయందు జరిగిన శుల్కవివాహములను లెక్క వేయింపగా 1,034 తేలెననియు, అందు ఏడాది వయస్సు పసికందులు మువ్వురుండిరనియు గురజాడవారు తమ నాటకపు పీఠికలో తెలిపిరి. ఆ లెక్కలో నుండి ‘కన్యాశుల్కము’ పుట్టినది. నేటి లెక్కలు అంతకంటె ఎన్నియోరెట్లు సమగ్రములు. వానినుండి నాటకము మాట యటుండనిండు, సిగ్గయినను పుట్టలేదు.

ఈ పిల్లలు ఏ సీమవారు? ఒక్కచోటివారు గారు, కాని నే నెరిగిన సీమను గూర్చి చెప్పెదను. కర్నూలు జిల్లా పడమటి మండలములు: కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు, హొళగుంద. తుంగభద్ర ప్రక్కనుండియే పారుచున్నను పొలములలో అధికభాగము వానను నమ్ముకొన్నవి. 2011 జనగణనమున ఉమ్మడి కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 50 మందికి లోపే. వానకారు పంట చేతికి వచ్చినను రాకున్నను, అది ముగియగానే కుటుంబములు కుటుంబములుగా గుంటూరు, పల్నాడు సీమల ప్రత్తిచేలకును మిరపతోటలకును తరలిపోవుదురు. దీనిని అచ్చట ‘సుగ్గి’ యందురు. కన్నడమున సుగ్గి యనగా కోతలకాలము, సంబరపుకాలము. మావారికి అది ఊరు విడుచుకాలము. వీధికి వీధి తాళములు పడును. అరుగులమీద ముసలివారు మిగులుదురు.

ఈ తాళముల నడుమ పదునాలుగేండ్ల పిల్ల నేమి చేయవలెను? తోటల కడ గుడారములకు వెంట కొనిపోవ భయము. నాయనమ్మతో ఊర విడిచిపోవ భయము. ఈ రెండు భయముల నడుమ మేనమామయో మేనత్తకొడుకో కనబడును. ఇంటికి వేసిన తాళమువంటిదే యొకటి పిల్లకును వేసి తల్లిదండ్రులు లారీ యెక్కుదురు. దీనిని మూఢాచారమనియు శాస్త్రపు బూజనియు పట్టణపు వేదికలపై ఉపన్యసించువారు ఆ లారీ నెన్నడును చూచియుండరు. ఒకనాడు ఎనిమిదేండ్ల పిల్లకు పెండ్లి చేసినవాడు నరకమునకు వెఱచి చేసెను. నేడు చేయువాడు నరకమును తలంచుకొనుట లేదు; ఆరు నెలల సుగ్గిని తలంచుకొనుచున్నాడు. రోగము మారినది, మన వైద్యము మాత్రము పాతదే. అంతకుమునుపే పిల్ల చదువు సగము చచ్చియుండును. సంకరజాతి ప్రత్తివిత్తనపు చేలలో సాయంకాలము మొగ్గను చీల్చి కేసరములు తీసి, మరునాటి యుదయమున వేఱొక పూవు పుప్పొడి నద్దు పనిని ‘క్రాసింగు’ అందురు. దానికి చిన్నవ్రేళ్లే కావలెనని బాలికలను పిలుతురు. తండ్రి అడ్వాన్సు తీసికొన్ననాడే ఆ పిల్లకు బడి దూరమైనది.

పెండ్లి జరిగిన యేడాదికో ఏడాదిన్నరకో పిల్ల ఒడిలో పిల్ల. పదునారేండ్లు నిండని బాలిక గర్భము ధరించినచో శిశువు కడుపులోనే చెడుననియు, పుట్టినను చిరకాలము బ్రతుకదనియు, బ్రతికినను దుర్బలమగుననియు సుశ్రుతుడు శారీరస్థానమున హెచ్చరించియున్నాడు. ముహూర్తమునకై పంచాంగము విప్పువారు ఈ గ్రంథమును విప్పరు. నేటి వైద్యులు దానినే మఱియొకరీతిని చెప్పుచున్నారు. ఇరువదులలో నున్న తల్లికంటె ఈ పిల్లలకు కాన్పునాటి గుఱ్ఱపువాతమును బాలింతజ్వరమును ఎక్కువ. బిడ్డ నెలలు నిండక పుట్టుటయు, తూకము తక్కువగుటయు ఎక్కువ. మన రాష్ట్రమున 15–19 ఏండ్ల బాలికలలో రక్తహీనులు నూటికి దాదాపు అరువదిమంది. తనకే చాలని రక్తములో నుండి ఇంకొకరికి పంచవలెను.

కని యూరకుండుట గాదు, పెంచవలెను. పదునారవయేట కన్నపిల్ల తల్లియు పదునారవయేటనే కన్నదైనచో, ఆ అమ్మమ్మకు ముప్పదిరెండేండ్లు. మన కథలలోని అమ్మమ్మవలె ఆమె ఇంట కూర్చుండి మనుమని నాడింపజాలదు. ఆమెయు అదే తోటలో కూలి. కనుక శిశువు చేనిగట్టున చీరతో కట్టిన ఉయ్యాలలో నుండును. కళ్లమున ఎండుచున్న మిరపపండ్ల ఘాటు గాలిలో నుండును. పాలిచ్చుటకు పరుగెత్తి వచ్చిన తల్లిచేతులకు కారము. ఎన్నిమార్లు కడిగినను పోవని మంట. ఆ చేతులతో ఏడ్చుబిడ్డ కన్ను తుడువరాదు. బిడ్డకు రావలసిన బాలామృతము తరచుగా ఊరి అంగన్‌వాడిలో నుండిపోవును. బిడ్డ యున్నది నూర్లకొలది మైళ్ల యవతల. బిడ్డ చిక్కిపోయినచో ఊరంతయు తల్లినే ఆడిపోసికొనును: “దీనికి పెంచ చేతగాదు.” నిజమే, చేతగాదు. పెరుగుటయే ముగియనిదానికి పెంచుట యెట్లు చేతనగును?

చట్టము ఈమెకు చేసిన మేలెట్టిది? 2012నాటి బాలల రక్షణచట్టము 18 ఏండ్లలోపు పిల్లతోడి సంగమము నేరమనెను. భార్యయైనను నేరమే యని సుప్రీముకోర్టు 2017 అక్టోబరులో తేల్చెను. ఆ సంగతి తెలిసిన వైద్యుడు పోలీసులకు తెలుపకున్నచో అదియు నేరము. ఈ చట్టములు కూడవని నేననుట లేదు. పిల్లల నమ్ముకొను మధ్యవర్తులకును, ముసలి పెండ్లికొడుకులకును అవి కావలసినవే. కాని ఏడవనెలలో కాళ్లు వాచిన పిల్లకు ఆసుపత్రి గుమ్మము పోలీసుఠాణా గుమ్మముగా కనబడుచున్నది. ఆమె పోదు, పోయినను వయస్సు దాచును. అస్సామున 2023 ఫిబ్రవరిలో బాల్యవివాహముల పేర 3,000 మందికి పైగా నిర్బంధింపగా, ఇది జనుల కాపురములలో కల్లోలము పుట్టించుచున్నదని గౌహతి హైకోర్టే పలుకవలసి వచ్చెను. మగని జెయిలుకు కొనిపోయిన నాడు ఉయ్యాల యూచునదెవరో, కూడు పెట్టునదెవరో శిక్షాస్మృతిలో వ్రాసియుండలేదు.

ప్రభుత్వపు ధర్మమును అట్టిదే. 2010లో గర్భవతులకు ధనసహాయము చేయు ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ యోజన నారంభించినపుడు 19 ఏండ్లు నిండినవారికే యనిరి. చిన్నవారి కిచ్చినచో తొందరపడి కందురని తలంచిరి కాబోలు! నాలుగువేలు రాకపోవునని యెవరైన పిల్ల కాన్పు వాయిదా వేసినదా? అందఱికంటె బలహీనురాలైన తల్లికే ఆ సొమ్ము అందకపోయెను. శకుంతల దుష్యంతుని కొలువున ఉంగరము లేక నోరాడక నిలిచినది. మన బాలమాత ఆధారుకార్డు చేతనుండియే నోరాడక నిలుచుచున్నది. దానిమీద పుట్టినతేది యున్నది.

ఇక మా వృత్తివారి సంగతి. నేను ప్రధానముగా చెప్పవచ్చినది ఇదియే. పెండ్లివార్త బడికి చేరును. కొన్నివారములు హాజరుపట్టీలో ఆమె పేరెదుట గైర్హాజరు గుర్తులు నడచును. పిమ్మట ఒక యెఱ్ఱసిరా గీత. ఈ గీతను గీయుమని ఎవరును ఉత్తరు వియ్యలేదు. 2009నాటి విద్యాహక్కుచట్టము 14 ఏండ్లతో తన బాధ్యతను ముగించుకొన్నది కనుక, పదునైదేండ్ల పిల్లకై అడుగవచ్చువాడు లేడు. పదవతరగతి ఫలితముల శాతము తగ్గునను భయమును ఆ సిరాలో కొంత కలిసియుండును. అటుపిమ్మట ఆమె బడికి వచ్చునది ఒక్కపనికే: పుట్టినతేది ధ్రువపత్రమునకు. బిడ్డను చంకనెత్తుకొని కార్యాలయపు గడప కీవల నిలుచును. ఏ తరగతివఱకు చదివితివని అడుగుదురు. కాగితమున నింపవలసిన గడి గనుక. మరల చదువుదువా యని అడుగుటకు గడి లేదు.

2017లో టాంజానియా దేశాధ్యక్షుడు, బిడ్డను కన్న బాలిక ప్రభుత్వపాఠశాలకు మరల రాగూడదని బహిరంగముగా పలికెను. లోకము ఛీకొట్టెను, 2021 నవంబరులో ఆ నిషేధమును తొలగించిరి. జాంబియా 1997లోనే ఇట్టి బాలికలను తిరిగి చేర్చుకొను విధానమును ప్రకటించెను. మనకు నిషేధపుటుత్తరువు లేదు. అందుచేత తొలగింపవలసినదియు ఏమియు లేదు. ఎంత సుఖము!

బిడ్డతల్లిని తరగతిలో కూర్చుండబెట్టినచో తక్కిన పిల్లలు చెడిపోవుదురని కొందఱు ఉపాధ్యాయ సోదరులు వాదింతురు. ఆమెను చూచి పిల్లలు పెండ్లికి ఉవ్విళ్లూరుదురనువారు ఆమె ముఖము నెన్నడును పరికించినవారు గారు. మఱికొందఱు సంస్కర్తలే, ఆమెను చేర్చుకొనుట బాల్యవివాహమునకు అనుమతి యిచ్చుటయే యందురు. వీరేశలింగముగారు వితంతువులకు నీడ చూపినది భర్తల మరణమును ప్రోత్సహించుటకా? పసివాని యేడ్పుచే పాఠము చెడుననుట మూడవ వాదము. ఇందొక్కదానిలో కొంత నిజము కలదు. దానికి మందు ఒక గది.

సంప్రదాయము సంప్రదాయమని పలుకువారి నొకటి యడిగెదను. రాజు విడిచిన నిండుచూలాలిని చేర్చుకొన్న వాల్మీకి ఆశ్రమము వట్టి పర్ణశాలయా? అది శిష్యులు వేదము చదువుకొను చోటు. అచ్చటనే ఆమె ప్రసవించెను. అచ్చటనే బిడ్డలు పెరిగిరి, చదివిరి. ఆశ్రమవాసుల యధ్యయనము చెడునని మహర్షి తలుపు వేయలేదు. భరతుడు సింహపుపిల్ల కోరలు లెక్కించుచు పెరిగినదియు మారీచుని ఆశ్రమముననే. మనము ఆ కథలను బడిలో పాఠముగా చెప్పుదుము, మార్కులు వేయుదుము.

చేయవలసినది పెద్దదేమియు గాదు. 2017లో ప్రసూతి ప్రయోజనచట్టమును సవరించి, 50 మంది పనిచేయు ప్రతి సంస్థయు శిశుగృహము కల్పింపవలెనని విధించిరి. ఉద్యోగినికి తగినది విద్యార్థినికి ఏల తగదు? కొన్ని యూళ్లలో అంగన్‌వాడి బడి యావరణలోనే యున్నది. అచ్చట ఈ తల్లిపేరు బాలింతల పట్టీలో వ్రాసి గ్రుడ్డును పాలును ఇత్తురు. ఇరువదడుగుల దూరమున ఉన్న బడిలో అదే పేరు కొట్టివేయబడియున్నది. ఈ రెండు పట్టీలను ఒక బల్లమీద పెట్టి చూచుటకు ఏ నిధులును అక్కఱలేదు. సార్వత్రిక పాఠశాల కలదు గదా యందురు. కలదు, కాని పుస్తకము చేతబెట్టి గణితమును నీవే నేర్చుకొమ్మనుట మంచి విద్యార్థికే కష్టము, రాత్రి యెల్ల బిడ్డ నెత్తుకొని మేల్కొన్నదానికి చెప్పవలెనా? వారమునకు మూడుదినములైన ఆమె యెదుట ఒక ఉపాధ్యాయుడు కూర్చుండవలెను.

అన్నిటికంటె ముందు, సుగ్గినెలల సంగతి చూడవలెను. వలసపోవువారి పిల్లలకై ఆ నెలలలో నడపు వసతిగృహములు ఇప్పటికే కలవు. పదునాలుగేండ్ల పిల్ల కందు నిజముగా చోటు దొరకినచో అనేక పెండ్లిండ్లు ఆగును. తల్లియైనదానికిని ఆమె బిడ్డకును చోటు దొరకినచో ఆ యిద్దఱును మిరపతోటకు పోవుట ఆగును. వంటమనిషి యున్నది, కావలివాడున్నాడు. ఇంకను కావలసినవి ఒక గది, నాలుగు ఉయ్యాలలు, వానిని చూచుకొనుటకు ఊరి స్త్రీ నొకరిని పెట్టుకొనుటకు జీతము. ప్రధానోపాధ్యాయులును గ్రామపెద్దలును కలిసి అక్టోబరులోగా దీనిని సిద్ధపఱుపవలెను. ఆ నెల దాటినచో లారీలు బయలుదేరును.