పెరిగిన ఖర్చులు, పెరగని కప్పు ధర: కాఫీ దుకాణాలలో గిట్టుబాటు ఎంత?

బాన్సువాడ: తెల్లవారుజామున మొదటి బస్సు కదలకముందే బాన్సువాడ బస్టాండు పరిసరాలలోని చాయ్ హోటళ్లలో పాలు పొంగుతాయి. బీర్కూర్, నసురుల్లాబాద్, వర్ని, పిట్లం వైపుల నుంచి పనుల మీద వచ్చే రైతులు ముందుగా అడుగుపెట్టేది ఇక్కడే. తహసిల్ కార్యాలయం తలుపులు తెరిచే వరకు, బ్యాంకులో తమ వంతు వచ్చే వరకు ఒక కప్పు చాయ్‌తోనూ, నలుగురూ పంచుకుని చదివే ఒక పత్రికతోనూ పొద్దుపుచ్చుతారు. ఊరి పంచాయితీలు, పెండ్లి సంబంధాలు, ట్రాక్టర్ బేరాలు ఎన్నో ఈ బల్లల మీదనే తేలుతుంటాయి.

ఇదిలా ఉండగా, ఇటీవలి సంవత్సరాలలో పెద్ద నగరాలతో పాటు చిన్న పట్టణాలలో కూడా కంపెనీ పేర్లతో, రంగుల బోర్డులతో చాయ్, కాఫీ దుకాణాలు వెలుస్తున్నాయి. చదువు ముగించి ఉద్యోగం దొరకని పల్లె యువకులు కొందరు ఈ వ్యాపారం వైపు ఆశగా చూస్తున్నారు. పొలం మీద మిగలనిది కాఫీ మీద మిగులుతుందా అన్నది ఇప్పుడు ఎన్నో ఇళ్లలో నడుస్తున్న చర్చ. అప్పు చేసి లక్షలు పెట్టే ముందు ఈ వ్యాపారం లోతుపాతులు తెలుసుకోవడం అవసరం.

చాయ్ సీమలో కాఫీ

తెలంగాణ పల్లెలు మొదటి నుంచీ చాయ్‌కే అలవాటు పడ్డాయి. కాగా 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువల కింద కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడి క్యాంపులు కట్టుకున్నారు. వారి ఇళ్లలో పొద్దున్నే కాఫీ తాగే అలవాటు ఉండేది. బాన్సువాడ ప్రాంతంలో కాఫీ కొత్త వస్తువు కాదు. అయితే హోటళ్లలో పది మంది చాయ్ అడిగితే కాఫీ అడిగేవారు ఒకరో ఇద్దరో. ఆ కొద్దిమంది కోసమే హోటల్ యజమాని పొడి డబ్బా పెట్టుకుంటాడు. దాని ధర ఇప్పుడు అతడికి బరువైంది.

బ్రెజిల్‌లో వానలు లేకుంటే

వరికి ప్రభుత్వం మద్దతు ధర ప్రకటిస్తుంది. కాఫీ గింజకు అలాంటి మద్దతు ధర లేదు. ఒకప్పుడు రైతులు తమ పంటను కాఫీ బోర్డుకు అప్పగించేవారు, బోర్డే అమ్మి పైసలు పంచేది. 1996 నాటికి ఆ పద్ధతి పూర్తిగా తొలగి రైతుకు స్వేచ్ఛ వచ్చింది. దానితో పాటే ప్రపంచ మార్కెట్ హెచ్చుతగ్గులు కూడా నేరుగా అతడి మీద పడ్డాయి. 2000 తర్వాత కొన్నేళ్లు ధరలు కుప్పకూలి కర్ణాటక కాఫీ రైతులు అప్పులపాలు కావడం అందరికీ తెలిసిందే.

ఇప్పటి కథ అందుకు తలకిందులు. ప్రపంచంలో కాఫీ పండించడంలో బ్రెజిల్‌ది మొదటి స్థానం, వియత్నాంది రెండవ స్థానం. 2021లో బ్రెజిల్ తోటలను మంచు దెబ్బతీసింది. 2024లో ఆ రెండు దేశాలలోనూ కరవు వచ్చింది. న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా రకం ధర 1977 నాటి రికార్డును 2024 డిసెంబరులో దాటి, 2025 ఫిబ్రవరిలో పౌను, అంటే సుమారు 454 గ్రాములు, నాలుగు డాలర్ల పైకి చేరింది. మన దేశంలో పండే కాఫీలో పదింట ఏడు వంతులు కర్ణాటకదే. దేశం పంటలో మూడింట రెండు వంతులకు పైగా విదేశాలకు పోతుంది. అందువల్ల అక్కడి ధర పెరిగితే ఇక్కడి పొడి ధర కూడా పెరగక తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం కొంత ఊరట.

పొడి కొనేటప్పుడు మరో సంగతి గమనించాలి. కాఫీలో చికోరీ కలిపి అమ్మే ప్యాకెట్ల మీద ఏది ఎంత శాతమో ముద్రించి ఉండాలి. నిబంధనల ప్రకారం ఆ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. కిలో ధర తక్కువ అని తీసుకున్న పొడిలో సగానికి దగ్గరగా చికోరీ వేరు పొడి ఉండవచ్చు.

ఒక్క రూపాయి విలువ

నిజానికి కప్పు ధరలో పొడి ఖర్చు ఒక భాగం మాత్రమే. పాలు, చక్కెర, గ్యాసు, కిరాయి, కరెంటు, పనివారి కూలి అన్నీ కలిసి వస్తాయి. ఇళ్లకు ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను హోటల్‌లో వాడరాదు. 19 కిలోల వాణిజ్య సిలిండర్‌నే కొనాలి. దాని ధరను కంపెనీలు సాధారణంగా నెలనెలా ఒకటో తేదీన సవరిస్తుంటాయి. కప్పు ధరను మాత్రం అట్లా నెలనెలా మార్చడానికి వీలు లేదు. ఒక్క రూపాయి పెంచితే వాడుక గిరాకీ పక్క హోటల్‌కు పోతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ధర పెంచలేక కప్పు సైజు తగ్గించడం, పాలలో నీళ్లు పెంచడం చూస్తున్నాం.

లెక్క కోసం రోజుకు 200 కప్పులు అమ్మే హోటల్‌ను తీసుకుందాం. కప్పుకు ఒక్క రూపాయి ఖర్చు పెరిగితే రోజుకు 200, నెలకు 6,000 రూపాయలు యజమాని జేబులోంచి పోయినట్టే. తాగేవారికి రూపాయి, అమ్మేవారికి పిల్లల ఫీజు.

దీనికి తోడు ఉద్దెర ఖాతా. పల్లె గిరాకీ వరి పైసల మీద ఆధారపడినది. కొనుగోలు కేంద్రంలో తూకం ఆలస్యమైతే, ఖాతాలో పైసలు పడటం ఆలస్యమైతే, హోటల్ పుస్తకంలో బాకీ పెరుగుతూ పోతుంది. పాలవాడు, కిరాయి యజమాని మాత్రం ఆగరు.

ఫోన్ ద్వారా చెల్లింపులు వచ్చాక చిల్లర బాధ చాలా తగ్గింది. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి జరిపే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారికి రుసుము లేదు. అయితే గల్లాలో పడే ప్రతి రూపాయికీ లెక్క నమోదవుతుంది. 2025 జులైలో కర్ణాటక పన్నుల శాఖ యూపీఐ వసూళ్లను ఆధారం చేసుకుని చిన్న వ్యాపారులకు నోటీసులు పంపడం, వారు ఆందోళనకు దిగడం, తర్వాత ప్రభుత్వం పాత బకాయిల మీద వెనక్కి తగ్గడం గమనార్హం. సొంత చుట్టాలు పంపే పైసలు, హోటల్ పైసలు ఒకే ఖాతాలో కలపకుండా ఉంటే రేపు ఇబ్బంది ఉండదు.

బోర్డు ఖరీదు

కంపెనీ పేరు మీద దుకాణం పెట్టే పద్ధతిలో సాధారణంగా ముందుగా కొంత సొమ్ము చెల్లించాలి. దుకాణం అలంకరణ కూడా వారు చెప్పినట్టే ఉండాలి. పొడి, కప్పులు వారి దగ్గరే కొనాలన్న షరతు, అమ్మకంలో వాటా ఇవ్వాలన్న షరతు ఉండవచ్చు. రుచి ఒకే తీరుగా ఉండటం, పేరుకు ఉన్న ఆకర్షణ దీనిలోని లాభాలు. నష్టం వస్తే మాత్రం అది పెట్టినవారిదే.

పల్లెలో నూటికి రెండు రూపాయల వడ్డీ మీద పది లక్షలు తెచ్చి దుకాణం పెడితే నెలకు వడ్డీయే 20,000 రూపాయలు. అన్ని ఖర్చులూ పోను కప్పుకు అయిదు రూపాయలు మిగులుతుందనుకున్నా, వడ్డీ కోసమే నెలకు 4,000 కప్పులు, రోజుకు 133 కప్పులు అమ్మాలి. ఇంటి ఖర్చు, అసలు తీర్చడం ఆ తర్వాతి మాట.

పేరు ఉన్నంత మాత్రాన నష్టం రాదని కూడా చెప్పలేము. 1996లో బెంగళూరులో మొదలైన కేఫ్ కాఫీ డే దేశమంతా విస్తరించి 2019 నాటికి 1,700కు పైగా దుకాణాలు నడిపింది. అప్పుల భారం, ఆపై కరోనా దెబ్బ కలిసి 2021 నాటికి ఆ సంఖ్య 600 లోపుకు పడిపోయింది. సొంత తోటలు ఉన్న సంస్థకే అట్లా జరిగింది.

పాతవారు నేర్చుకోవలసినది

కొత్త దుకాణాలకు గిరాకీ ఎందుకు పోతున్నదో పాత హోటళ్లవారు కూడా ఆలోచించాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్టాండ్లలో ఆడవారి రాకపోకలు పెరిగాయి. వారు కూర్చుని చాయ్ తాగే చోటు ఎన్ని హోటళ్లలో ఉంది? శుభ్రమైన రెండు బల్లలు, తాగే నీళ్లు, పొగ తాగేవారికి దూరంగా ఒక మూల ఏర్పాటు చేస్తే సగం జనాభా గిరాకీ అవుతుంది.

కాగితపు కప్పుల సంగతి కూడా ఇటువంటిదే. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులపై నిషేధం అమలులోకి రాగా, కాగితపు కప్పులు మరింతగా వాడుకలోకి వచ్చాయి. వాటి లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. వేడినీళ్లతో కడిగిన గాజు గ్లాసు ఆరోగ్యానికీ మంచిది, ఖర్చుకూ మంచిది.

పెట్టుబడి కోసం నూటికి రెండు రూపాయల వడ్డీ ఒక్కటే దారి కాదు. పట్టణాలలోని వీధి వ్యాపారులకు 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం కింద పూచీకత్తు లేకుండా అప్పు దొరుకుతుంది. 2025 ఆగస్టు సవరణ ప్రకారం మొదటి విడత 15,000, అది తీర్చితే 25,000, ఆ తర్వాత 50,000 రూపాయల వరకు ఇస్తారు. మున్సిపాలిటీ అధికారులు చాయ్ బండ్లవారికి దీని గురించి తెలియజెప్పవలసి ఉంది.

కొత్తగా దిగదలచినవారు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. కట్టిన సొమ్ములో తిరిగి వచ్చేది ఎంత? కప్పు ధర నిర్ణయించేది ఎవరు? అదే ఊరిలో మరొకరికి అదే బోర్డు ఇస్తారా? నడవకపోతే సామాను ఎవరు తీసుకుంటారు? వీటన్నిటికంటే ముందు తెలిసిన వారి హోటల్‌లో ఒక నెల గల్లా దగ్గర కూర్చుని, పొద్దున ఎన్ని కప్పులు పోతున్నాయి, వాన రోజు ఎన్ని పోతున్నాయి, కోతల కాలంలో ఎన్ని పోతున్నాయి అని అడిగి రాసుకోవడం మేలు. రోజుకు 133 కప్పుల లెక్క అప్పుడు కళ్ల ముందే తేలిపోతుంది.