పెద్దల నోట, పిల్లల రాత

"మా పెద్దోళ్ళు దండాలు పెట్టుకుంటూ బతికారు" అంటున్నారు కుర్రాళ్ళు. "వీళ్ళకి ఫోనే లోకం" అంటున్నారు పెద్దలు. రెండూ సగం మాటలేనంటున్నాం మేం. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్ళను నరికితే, చీరాల శిబిరంలో కూచుని పోరాడిందెవరు? 1991 ఆగస్టు 6 నాటి చుండూరు నరమేధంపై కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పిందెవరు? ఈ పెద్దలే. 2007లో పడ్డ శిక్షల్ని 2014లో హైకోర్టు ఎందుకు కొట్టేసిందో చదివి చెప్పగలిగేదెవరు? ఈ పిల్లలే. పెద్దలకు జ్ఞాపకముంది, చదువు లేదు. పిల్లలకు చదువుంది, ఆ జ్ఞాపకం లేదు. నెలకో రాత్రి పేటలో అంబేద్కర్ బొమ్మ దగ్గర కూచుందాం. అవ్వలు చెప్పాలి, మనవరాళ్ళు రాయాలి. పెద్దోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు రాసుకోకపోతే రేపు మన సాక్ష్యం ఎవరు చెప్తారు?

జై భీమ్!