వంకర జుట్టులో లేదు

పెళ్లిళ్ల సీజన్‌లో ఏ ఊరి బ్యూటీ పార్లర్‌లోనైనా ఒక పూట కూర్చుని చూడండి. ఉంగరాల జుట్టున్న పెళ్లికూతురికి ముహూర్తానికి నెల ముందే స్మూతెనింగ్ చేస్తారు. వేలకు వేలు తీసుకుని, మందు పట్టించి, ఇస్త్రీ పెట్టి, జుట్టును గీత గీసినట్టు తిన్నగా కిందికి దించుతారు. తీరా పెళ్లిరోజున పూలజడ వేసే ఆవిడ వచ్చి, పిన్ను నిలవడం లేదు, జుట్టు జారిపోతోందని విసుక్కుంటూ, దువ్వెనతో ఎదురు దువ్వి కాస్త చిక్కు చేసి పట్టు తెస్తుంది. సాయంత్రం రిసెప్షన్‌కి ఇంకొకావిడ టాంగ్ వేడి చేసి, అదే జుట్టును పాయలుపాయలుగా చుట్టి రింగులు తిప్పుతుంది. దేవుడు ఊరికే ఇచ్చిందాన్ని డబ్బిచ్చి తీయించుకుని, మళ్లీ డబ్బిచ్చి పెట్టించుకోవడమన్నమాట. అక్కడున్న ఒక్కరికీ నవ్వు రాకపోవడమే నాకు వింత.

నవ్వెందుకు రాదంటే, అందరూ ఒక మాట నమ్మేశారు గనక. ఉంగరాల జుట్టు మొండిది, పొడిది, చెప్పిన మాట వినదు, దాన్ని ఎలాగోలా దారిలో పెట్టాలి. ఇంట్లో అమ్మ నూనెతో దారిలో పెడుతుంది, బడి రెండు జడలూ రిబ్బన్లతో పెడుతుంది, పార్లర్ మందుతో పెడుతుంది. మిగతా విషయాల్లో ఒకరినొకరు తప్పుపట్టుకునే ఈ ముగ్గురికీ ఇక్కడ మాత్రం చక్కగా ఏకాభిప్రాయం. నేను దీన్ని ఒప్పుకోను. మనం రోగమంటున్న దానిలో చాలా భాగం మన వైద్యం వల్ల వచ్చిందే. తిన్నని జుట్టుకు కుదిరిన అలవాట్లను తీసుకొచ్చి ఉంగరాల జుట్టు మీద రుద్దుతాం, అది పొంగి లేస్తే నేరం దానిమీద తోస్తాం. కాబట్టి ఉంగరాల జుట్టుకు రొటీన్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఏం కొనాలా అని చూడకముందు ఏం మానాలో తేల్చుకోవాలి.

బడిలో ఈ జుట్టున్న పిల్లకి పేర్లు సిద్ధంగా ఉంటాయి. ‘సాయిబాబా’, ‘పిచ్చుక గూడు’. మగపిల్లాడైతే పేరు పెట్టే శ్రమ కూడా ఉండదు, నెలనెలా మంగలి దగ్గర కూర్చోబెట్టి సాంతం కత్తిరించేస్తారు. నిజానికి ఈ నేలకు ఉంగరాలు కొత్తా? అమరావతి శిల్పులు చెక్కిన బుద్ధుడి తల చూడండి, తలంతా చిన్నచిన్న చుట్టలు వరుసలు తీరి ఉంటాయి. కుడివైపు చుట్టుకున్న వెంట్రుకను మహాపురుష లక్షణాల్లో లెక్కపెట్టింది బౌద్ధ సంప్రదాయం. రాతిలో అంత ఓపికగా చెక్కుకున్న ఆకారాన్ని పిల్ల నెత్తిమీద చూసేసరికి మనకి చింపిరి జుట్టయిపోయింది. నిత్యా మేనన్ 2011లో ‘అలా మొదలైంది’లో, అనుపమా పరమేశ్వరన్ 2016లో ‘అ ఆ’లో తమ ఉంగరాలతోనే కనిపించాక కొంత నయం. అయినా పార్లర్ గోడమీద ‘ముందు, తర్వాత’ బొమ్మల్లో ‘ముందు’ అన్నచోట ఉంగరాల జుట్టే ఉంటుంది. ఆ బొమ్మను కాస్త దగ్గరికెళ్లి చూడండి. పొడిగా ఉన్నప్పుడు దువ్వి, పాయలు చెడగొట్టి, ఆ తర్వాత తీసిన ఫొటో అది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు. వెంట్రుక తిన్నగా వస్తుందా, మెలిక తిరుగుతుందా అన్నది చర్మం లోపల ఉన్న కుదురు తేలుస్తుంది. కుదురు ఒంగి ఉంటే వెంట్రుకా ఒంగే పుడుతుంది. దువ్వెనకి ఆ లోతు అందదు. మాడు మీద ఊరే జిడ్డు తిన్నని వెంట్రుక మీదైతే కొస దాకా సులువుగా జారుతుంది, మెలికలున్నచోట మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఒకే తలలో మాడు జిడ్డోడుతుంటే కొసలు పీచుకడతాయి. రెండోది ఇంకా ముఖ్యం. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దానికి ఆకారమిచ్చే బంధాల్లో గంధకానివి గట్టివి, నీళ్లకి లొంగవు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, తడిస్తే విడిపోయి ఆరేటప్పుడు మళ్లీ కట్టుకుంటాయి. జుట్టు ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలో కట్టుకుంటాయి. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం రొటీన్ వచ్చేసినట్టే.

ఇది మనసులో పెట్టుకుని మన తలంటు గమనించండి. తల ముందుకు వంచి, తుండుతో జుట్టును టపటపా కొట్టి విదిలిస్తాం. తుండు మధ్య పెట్టి పరపరా రుద్దుతాం. వేలిముడి వేసి తిరిగి, పూర్తిగా ఆరాక సన్నపళ్ల దువ్వెన తీసుకుని మాడు నుంచి కిందికి ఒక్క లాగు లాగుతాం. చెవి వెనక చిక్కు దగ్గర దువ్వెన ఆగుతుంది, పిల్ల కెవ్వుమంటుంది, ‘కదలకు’ అని నెత్తిన ఒకటి పడుతుంది. ఈ క్రమంలో జరిగేది ఇది: తడిలో తమంతట తామే జట్టుకట్టి ఒకే వంపు తిరిగిన వెంట్రుకలు రుద్దుడుకీ దువ్వుడుకీ విడిపోయి, దేనికది ఒక దిక్కు చూస్తాయి. వాటి మధ్య గాలి చేరి జుట్టు గొడుగులా విచ్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో అయితే గాలిలోని తేమ ఆ బలహీన బంధాలను మళ్లీ కదిపి మిగిలిన కాస్త వంపునూ చెరుపుతుంది. అప్పుడు అద్దంలో చూసుకుని ‘నా జుట్టు ఖర్మ ఇంతే’ అనుకుంటాం. అమ్మేమో నూనె సీసా అందుకుంటుంది.

నూనె గురించి రెండువైపులా చెప్పాలి. తలంటుకు ముందు కొబ్బరినూనె పట్టించే అలవాటు నూటికి నూరుపాళ్లు మంచిదే. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో ఒక పరిశోధన వచ్చింది. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించగలిగింది కొబ్బరినూనె ఒక్కటే అని తేల్చారు. పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ మనుషులే, అది మర్చిపోకుండానే చదవాలి. అయినా వాళ్లు చూపిన కారణం సబబుగానే ఉంది. ఆ నూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది, వెంట్రుక లోపలికి దూరగలదు. అంతవరకూ మన అమ్మమ్మలు గెలిచారు. ఓడిపోయింది తర్వాతి సగంలో. జుట్టు పొడిబారింది కదా అని కడిగిన జుట్టుకు వారం పొడుగునా నూనె కారేలా పూసి, బిగించి జడ వెయ్యడం. నూనె ఉన్న తడిని పోకుండా కాస్త పట్టి ఉంచగలదు గానీ, లేని తడిని తేలేదు. చుండ్రు ఉన్న మాడుకైతే ఇది మరీ చేటు, ఎందుకంటే చుండ్రు వెనకున్న మలసీజియా అనే శిలీంధ్రానికి ఆహారం కొవ్వులే.

పార్లర్ వాదం ఇంతకంటే బలమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. రోజూ ఆఫీసుకు పరుగెత్తే అమ్మాయికి పొద్దున్నే అరగంట కలిసొస్తుందంటే కాదనడానికి మనమెవరం? కానీ ఆ బేరంలో చెప్పని షరతులున్నాయి. జుట్టును తిన్నగా చేసే రీబాండింగ్ మందు పైన చెప్పిన గట్టి గంధకం బంధాలనే విరిచి, తిన్నగా సాగదీసి, మళ్లీ అతికిస్తుంది. కుదురు మాత్రం అలాగే ఉంటుంది. నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున పాత ఉంగరాలే పుట్టుకొస్తాయి. ఆరు నెలలకు పైన మెలిక, కింద గీత. ఆ రెండూ కలిసే చోటే జుట్టు తెగుతుంది. ఇక పార్లర్‌కి మళ్లీ వెళ్లక చస్తామా.

ఆరోగ్యం సంగతి వేరే. కొన్ని కెరటిన్ ట్రీట్‌మెంట్లలో ఇస్త్రీ వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని రాసి ఉన్న డబ్బాల్లో చాలావాటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. అలాంటి క్రీముతో జుట్టు తిన్నగా చేయించుకున్న ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక యువతి కేసును ఫ్రాన్స్ వైద్యులు 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. అమెరికాలో 33 వేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2022లో వచ్చింది. స్ట్రెయిటెనర్లు తరచూ వాడినవాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతమని, ఎప్పుడూ వాడనివాళ్లలో 1.64 శాతమని అంచనా వేసింది. ఇది రెంటికీ సంబంధం ఉందని చూపుతుందే తప్ప కారణం ఇదేనని రుజువు చేయదు, ఒప్పుకుంటాను. అయితే కుర్చీలో కూర్చున్న మనిషికి ఈ అంకెలు చెప్పి ఆపైన మందు పూసే పార్లర్ ఎక్కడుందో చూపించండి. ఆ ఆవిరిని రోజంతా పీల్చే పనమ్మాయి సంగతి సరేసరి.

వీళ్లందరి నుంచీ తప్పించుకున్న అమ్మాయిలు ఇప్పుడు ఇంకో మఠంలో చేరుతున్నారు. న్యూయార్క్‌లో సెలూన్ నడిపిన లొరెయిన్ మాసీ 2001లో ‘కర్లీ గర్ల్’ అని పుస్తకం రాసింది. ఉంగరాలను ఉంగరాలుగా ఉండనివ్వమని ధైర్యం చెప్పినందుకు ఆమెకు దండం. కానీ సల్ఫేట్ తగలకూడదు, సిలికోన్ ముట్టకూడదు అన్న ఆ నిషేధాలు ఇక్కడ మడి ఆచారంలా తయారయ్యాయి. విజయవాడ ఎండలో చెమటోడ్చి, కొబ్బరినూనె పట్టించుకున్న తల జిడ్డు సల్ఫేట్ లేని మెత్తని షాంపూకి వదులుతుందా? మామూలు షాంపూతో శుభ్రంగా రుద్దుకోండి, మాడుకు మాత్రమే. సిలికోన్ విషమేమీ కాదు, వెంట్రుకల మధ్య రాపిడి తగ్గిస్తుంది, షాంపూకి పోతుంది. ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు దిద్దిన ఆండ్రే వాకర్ పెట్టిన వర్గాలు పట్టుకుని, నాది 2సి నా 3ఎ నా అని జాతకం చూసుకోవడం దేనికి? ఒకే తలలో మెడ దగ్గర ఒక రకం, నుదుటి దగ్గర ఒక రకం ఉంటుంది. జుట్టు తడిని ఎంత పీలుస్తుందో తెలుసుకోవడానికని గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలిందా మునిగిందా అని చూసే పరీక్షైతే మరీ తమాషా. శుభ్రమైన వెంట్రుక కూడా నీటి తలతన్యత వల్ల తేలగలదు. ఆ ఫలితాన్ని బట్టి అయిదారు సీసాలు తెప్పించుకుంటున్నారు.

నన్నడిగితే మొదలుపెట్టడానికి కావలసింది తక్కువే. ముందు రోజు రాత్రో, గంట ముందో జుట్టు పొడవుకు కొబ్బరినూనె. మాడుకు షాంపూ. ఆ తర్వాత ఏదో ఒక మామూలు కండిషనర్ చెవుల నుంచి కిందికి, పిసినారితనం లేకుండా. జుట్టు జారుడుగా ఉన్న ఆ అయిదు నిమిషాలే చిక్కు తీయడానికి సమయం. ముందు వేళ్లతో, తర్వాత పెద్దపళ్ల దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లాలి. కడిగాక దువ్వెన పక్కన పడేసి, మళ్లీ తలంటు దాకా దాన్ని ముట్టకూడదు. కండిషనర్ వద్దనుకుంటే మందారాకు నలిపి తీసిన జిగురు ఉంది. కుంకుడు పులుసులో గంజి కలిపి తలంటిన మనవాళ్లకు ఈ జారుడు సంగతి తెలుసు, సీసా మీద పేరు లేదంతే.

నీళ్లు ఇంకా కారుతుండగానే జెల్ పట్టించాలి. బజారుది సరే, ఇంట్లో అవిసె గింజలతోనూ వస్తుంది. పావు కప్పు గింజలు రెండు కప్పుల నీళ్లలో వేసి కలుపుతూ మరిగిస్తే కాసేపటికి పైన తెల్లనురుగు వస్తుంది. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే దించి, వేడి మీదే పాత నూలు చీర ముక్కలో వడకట్టాలి. చల్లారనిస్తే ఆ జిగురు గింజల్ని వదలదు, ఎంత పిండినా గుడ్డలోనే ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది, వాసన మారితే పారబోయాలి. దాన్ని అరచేతుల్లోకి తీసుకుని, తల పక్కకి వంచి, జుట్టును గుప్పిట్లో పట్టి కొస నుంచి మాడు వైపుకి పిండుతూ పోతే చితచిత చప్పుడు వస్తుంది, ఉంగరాలు చేతిలోనే చుట్టుకోవడం తెలుస్తుంది. నూలుగుడ్డతో అలాగే పిండి నీళ్లు తీసి, ఇక చెయ్యి పెట్టకుండా ఆరనివ్వాలి. ఆరాక జుట్టు పెళుసుగా, గంజి పెట్టిన చీరలా ఉంటుంది. హడలిపోవద్దు. అరచేతికి రెండు చుక్కల నూనె రాసుకుని నలిపితే ఆ పెళుసు విరిగి, ఉంగరాలు మెత్తగా విడతాయి.

‘ఇంత తతంగం ఎవరు చేస్తారమ్మా’ అని పెద్దవాళ్లు అంటారు. వారానికి ఒకటి రెండుసార్లు, తలంటు రోజున మాత్రమే చేసే పని ఇది. రోజూ పొద్దున దువ్వుడు, ఏడుపు, జడ, రిబ్బను అంతకంటే పొట్టి తతంగమేం కాదు. మొదటి రెండు మూడు వారాలు కుదరకపోవచ్చు కూడా. స్మూతెనింగ్ చేయించుకున్న భాగం ఎంత పిండినా చుట్టుకోదు, పెరిగేకొద్దీ కత్తిరించుకుంటూ పోవాల్సిందే. జెల్ ఎక్కువైతే తెల్లటి పొలుసులు రాలతాయి, తక్కువైతే మధ్యాహ్నానికి పొంగుతుంది. అలాంటి రోజున వేళ్లతో పోగుచేసి వదులుగా జడ వేసుకుంటే ఏ నియమమూ భంగం కాదు. ఉంగరాల జుట్టు జడ పట్టినంతగా ఏ జుట్టూ పట్టదు, మల్లెపూలకు రెండో పిన్ను కూడా అక్కర్లేదు.