ఊళ్లో ఇద్దరు కోటేశ్వరరావులు

కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లలో రోడ్డు మీద నిలబడి "కోటేశ్వరరావూ" అని కేకేస్తే కనీసం ముగ్గురు తల తిప్పుతారు. అందుకే మా వైపు ఇంటిపేరో, తండ్రిపేరో ముందు తగిలించి పిలుస్తాం. పోయిన మిర్చి సీజన్‌లో కంప్యూటర్ల విషయంలో ఆ మాత్రం బుద్ధి నాకు లేకపోయింది.

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో రెండు గదుల టెంపరేచర్ ఫోన్‌లో కనపడేలా చెయ్యమన్నారు. గదికో చిన్న కంప్యూటర్ పెట్టి, అందులో ఒక కంటైనర్ నడిపా. కంటైనర్ అంటే ఒకే కంప్యూటర్‌లో విడిగా, తనదే ఓ మిషన్ అన్నట్టు బతికే ప్రోగ్రామ్. మొదటి గదిది బాగా నడిచింది. దాని మెమరీ కార్డు కాపీ చేసి, ఐపీ అడ్రస్ మార్చి, రెండో గదిలో పెట్టేశా. అక్కణ్నుంచి మొదలైంది. కాసేపు ఈ గది రీడింగ్ మాయం, కాసేపు ఆ గదిది మాయం.

సాయంత్రం మేనేజర్ గారి ఫోన్. "అబ్బాయ్, రెండో గది అరగంట నుంచి కనపడట్లా. లోపల రైతుల టిక్కీలున్నాయి. ఆగింది మా మిషనా, నీ యాపా?"

నా దగ్గర జవాబు లేదు. మనిషిని పంపి, తలుపు తీసి థర్మామీటర్ చూశారు. గది చల్లగానే ఉంది. పోయింది నా పరువే.

కేబుళ్లు మార్చా, స్విచ్ మార్చా. రెండు రోజులకి దొరికింది. టెస్టింగ్‌లో నేనే సరదాగా రాసుకున్న మ్యాక్ అడ్రస్ ఫైల్‌లో అలాగే ఉండిపోయింది. కార్డుతో పాటు అదీ కాపీ అయింది. రెండు కంటైనర్లూ నేరుగా ఒకే స్విచ్ మీదికి వచ్చేలా పెట్టా కాబట్టి, స్విచ్‌కి ఒకే పేరు రెండు గుమ్మాల దగ్గర వినిపించింది. చివరిసారి ఎటు నుంచి పిలుపొస్తే సరుకంతా అటే తోసేది. ఐపీలు వేరైనా లాభం లేదు. ఒకే నెట్‌వర్క్‌లో చివరి అడుగు మ్యాక్ చూసే పడుతుంది.

మామూలు నెట్‌వర్క్ కార్డుకి ఈ 48 బిట్ల నంబరు ఫ్యాక్టరీలోనే పడుతుంది. మొదటి సగం సాధారణంగా కంపెనీది, దాన్ని ఐఈఈఈ అనే సంస్థ కేటాయిస్తుంది. కంటైనర్‌కి కార్డే లేదు కదా, నంబరు మనమే పుట్టించాలి. అలాగని ఇష్టమొచ్చినట్టు కాదు. మొదటి జతలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ, వీటిలో ఒకటై ఉండాలి. అలా ఉంటే "ఇది ఫ్యాక్టరీది కాదు, ఇక్కడ తయారైంది, ఒక్కరికే చెందింది" అని అర్థం. డాకర్ చాలా ఏళ్లు 02:42 అని మొదలుపెట్టి, వెనక ఐపీ అడ్రస్‌నే అతికించేది. 172.17.0.2 అయితే 02:42:ఏసీ:11:00:02. ఐపీ వేరైతే మ్యాక్ కూడా వేరన్నమాట. నేను వేలు పెట్టకుండా ఉంటే సరిపోయేది!

రాండమ్‌గా తీసుకున్నా ఎన్ని బిట్లు తీసుకుంటున్నామో చూసుకోవాలి. ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లలో 00:16:3ఈ అనే ముందుభాగం ఖాయం చేసి, మిగతా 24 బిట్లే రాండమ్‌గా వేయడం చాలా ఏళ్లు అలవాటుగా ఉండేది. అంటే 1.67 కోట్ల నంబర్లు. చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ ఒకే నెట్‌వర్క్‌లో 4,800 పైచిలుకు కంటైనర్లు చేరేసరికి ఏవో రెండిటికి ఒకే నంబరు పడే అవకాశం సగానికి సగం. క్లాసులో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే లెక్కే ఇదీ. ఆ రెండు బిట్లు తప్ప మిగతా 46 రాండమ్‌గా వేస్తే 70 లక్షల కోట్లు దాటతాయి. ఇక భయం లేదు, నాలాంటివాడు కార్డు కాపీ కొట్టకపోతే.

మీ ఫోన్ కూడా ఇదే పని చేస్తోంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపించడం మామూలైంది, షాపులవాళ్లు మనల్ని వెంటాడకుండా. వైఫై సెట్టింగ్స్ తెరిచి చూడండి, రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదో ఒకటి కనపడుతుంది.

ఫైల్‌లో ఆ ఒక్క లైను తీసేసి రెండు కంటైనర్లూ మళ్లీ సృష్టించా. పది నిమిషాల పని. మేనేజర్ గారికి ఫోన్ చేసి రెండు గదులూ కనపడుతున్నాయా అని అడిగా.

"కనపడుతున్నాయిలే. అయినా మావాణ్ని రాత్రికోసారి తలుపు తీసి చూడమన్నా" అన్నారు.