ఎస్తా నోరు మూయించింది ఎవరు?

అరుంధతీ రాయ్ నవల 'ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్' (1997) ఇప్పుడే చదివాను. సినిమా హాల్లో కూల్‌డ్రింకులు అమ్మేవాడు ఏడేళ్ల ఎస్తాతో పాడు పని చేయిస్తాడు. పిల్లాడు పెద్దవాళ్లకు చెప్పుకోలేడు. తర్వాత తాత చెల్లెలు బేబీ కొచ్చమ్మ, మీ అమ్మను కాపాడుకోవాలంటే పోలీసులు అడిగినదానికి అవునను అంటుంది. అంటాడు. నింద వెలుత మీద పడుతుంది. అప్పటికే పోలీసులు చావగొట్టిన దళితుడు అతను. ఎస్తా మెల్లగా మాటే మానేస్తాడు.

దీన్ని కుటుంబం మీద ప్రేమంటే నేనొప్పుకోను. మన గూడేల్లో మాత్రం? చుట్టమే తప్పు చేస్తే పరువని పెద్దమనుషుల్లో సర్దేస్తాం. 2012 పోక్సో చట్టంలో తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, సొంతోళ్లయినా సరే. పిల్లల కోసం 1098 ఉంది.

సెలవులకు ఇంటికి పోతే, మాట తగ్గించిన తమ్ముడో చెల్లెలో ఉంటే కాసేపు పక్కన కూర్చోండి.