తాళంచెవి మారితే చాలదు, పేరూ మారాలి

బిలాస్‌పూర్: ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఈ పట్టణంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడికి మోటారు సైకిల్ విలాస వస్తువు కాదు. రన్నింగ్ సిబ్బందికి డ్యూటీ ఏ వేళకు పడుతుందో ముందుగా తెలియదు. అర్ధరాత్రి దాటాక టోర్వా నుంచో టిఫ్రా నుంచో స్టేషన్‌కు చేరుకోవాలంటే సొంత వాహనం ఉండి తీరాలి. కొత్త బండికి నెలనెలా వాయిదాలు కట్టే స్తోమత లేనివారు సహజంగానే పాత బండి వైపు చూస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు మోటారు సైకిళ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్త బండి ధర కొంత దిగివచ్చిన మాట నిజమే. అయినా మొదటి జీతం అందుకుంటున్నవారికి అందుబాటులో ఉన్నది పాతదే.

ఇందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. చిక్కంతా బేరం ఎక్కడ ముగిసిందన్న విషయంలోనే వస్తోంది. డబ్బు చేతులు మారి, తాళంచెవి అందిన రోజుతో వ్యవహారం పూర్తయిందని ఇరుపక్షాలూ భావిస్తుంటాయి. చట్టం మాత్రం అలా భావించదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉంటే వారే యజమాని. ఆ పేరు మారనంతకాలం అమ్మినవారికి నిశ్చింత లేదు, కొన్నవారికి రక్షణ లేదు.

అమ్మినవారిపైనే భారం

ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే, అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా అధికారికి తెలియజేయాలని చట్టంలోని 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. వాహనం వేరే రాష్ట్రానికి వెళుతుంటే ఈ గడువు 45 రోజులు. కొన్నవారు 30 రోజుల్లోగా తమ ప్రాంతపు అధికారికి తెలియజేసి, పేరు మార్పించుకోవాలి. ఇందుకు 29, 30 నంబర్ల ఫారాలున్నాయి. ఆచరణలో జరుగుతున్నది వేరు. అమ్మేవారు ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి ఇస్తారు. అవి బండితోపాటు ఒక చేతి నుంచి మరో చేతికి మారుతుంటాయి. ఒక్కొక్కప్పుడు మూడో వ్యక్తో, నాలుగో వ్యక్తో బండి నడుపుతున్నా, రికార్డులో మొదటి వ్యక్తి పేరే మిగిలిపోతుంది.

దీని పర్యవసానం ఏమిటో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు స్పష్టం చేసింది. ఆ కేసులో ఒక కారు వరుసగా పలువురి చేతులు మారింది. బీమా లేదు. ప్రమాదం జరిగేనాటికి కారు ఎవరి వద్ద ఉన్నప్పటికీ, రిజిస్ట్రేషన్‌లో పేరున్న మొదటి యజమానే నష్టపరిహారానికి బాధ్యుడని న్యాయస్థానం తేల్చిచెప్పింది. గాయపడినవారు అమ్మకాల గొలుసు వెంట తిరిగి అసలు యజమాని ఎవరో వెతుక్కోవలసిన అవసరం లేదన్నది ఆ తీర్పు సారాంశం. కారుకు వర్తించిన సూత్రమే మోటారు సైకిల్‌కూ వర్తిస్తుంది. బదిలీపై వెళుతూ సహోద్యోగికి బండి అమ్మిన ఉద్యోగి తన సంతకంతోపాటు తన బాధ్యతను కూడా వదిలి వెళుతున్నానని అనుకుంటే పొరపాటే.

బీమా ఎవరికి?

బండితోపాటు బీమా కూడా వచ్చిందన్న ధీమా మరో అపోహ. పబ్లిక్ రోడ్డుపై తిరిగే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం, అది లేకుండా నడిపితే తొలిసారి రూ. 2,000, మళ్లీ పట్టుబడితే రూ. 4,000 జరిమానా ఉంది. మూడు నెలల వరకు జైలుశిక్షకు కూడా అవకాశముంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న మోటారు సైకిల్‌కు ఈ బీమా ప్రీమియం ఏడాదికి రూ. 714గా, 150 దాటి 350 సీసీ వరకు రూ. 1,366గా నిర్ణయించారు. పన్ను అదనం.

వాహనం అమ్మినప్పుడు పాలసీ కూడా కొన్నవారికి బదిలీ అయినట్లే భావించాలని చట్టంలోని 157వ సెక్షన్ చెబుతోంది. అయితే ఈ సౌలభ్యం రోడ్డు మీద గాయపడిన మూడో పక్షానికి సంబంధించినంతవరకేనని 1995లో సుప్రీంకోర్టు స్పష్టీకరించింది. బండికి జరిగిన నష్టం, దొంగతనం వంటివాటికి పాలసీ దానంతట అదే బదిలీ కాదు. కొన్నవారు 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకుని పాలసీలో తమ పేరు చేర్పించుకోవాలి. అమ్మినవారికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ వారిదే తప్ప బండిది కాదు. పాలసీ పేరు మారినప్పుడు ఆ తేడా సొమ్మును కొత్త యజమాని చెల్లించవలసి ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. బండి నడిపే యజమానికి రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలని 2018లో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. కానీ ఇది దక్కాలంటే మరణించిన వ్యక్తి రిజిస్టర్డ్ యజమాని అయి ఉండాలి, పాలసీలో ఆయన పేరే ఉండాలి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ సొమ్ము ప్రశ్నార్థకమే. పేరు మార్పించుకోని యువకుడు ప్రమాదంలో మరణిస్తే, పత్రాల ప్రకారం అతడు ఇతరుల బండి నడిపిన వ్యక్తి మాత్రమే. యజమాని వద్ద అరువు తెచ్చుకున్న మోటారు సైకిల్‌పై వెళుతూ ఎద్దుల బండిని ఢీకొని ఒక వ్యక్తి మరణించిన కేసు 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అరువు తెచ్చుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్లేనని, అందువల్ల 163-ఎ సెక్షన్ కింద వారసులు పరిహారం కోరజాలరని కోర్టు పేర్కొంది. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండా పరిహారం ఇవ్వడానికి అప్పట్లో అమలులో ఉన్న సెక్షన్ అది.

వెనుక కూర్చున్నవారి సంగతి కూడా ఆలోచించదగినదే. కేవలం చట్టం నిర్దేశించిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న స్కూటరుపై, డబ్బు చెల్లించకుండా వెనుక కూర్చుని ప్రయాణించిన వ్యక్తి మరణానికి బీమా కంపెనీ బాధ్యత వహించదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భార్యనో, తమ్ముడినో వెనుక ఎక్కించుకునే వ్యక్తి కొద్దిపాటి ప్రీమియం ఆదా కోసం సమగ్ర బీమాను వదులుకోవడం ఎంతవరకు సమంజసమో ఆలోచించాలి.

విశాఖ నుంచి వచ్చే బండి

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. కోర్బా, విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా బిలాస్‌పూర్‌ను ఉత్తరాంధ్రతో కలుపుతోంది. స్వస్థలంలో బంధువు వాడిన బండిని తక్కువ ధరకు తీసుకుని, పెట్రోలు ఖాళీ చేయించి, పార్సిల్‌లో వేసి తెప్పించుకోవడం రైల్వే ఉద్యోగికి సులువైన పనే. పత్రాల పని మాత్రం అంత సులువు కాదు. ముందుగా ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వాహనం 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంటే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. ఛత్తీస్‌గఢ్ పన్ను చెల్లిస్తేనే బిలాస్‌పూర్ సిరీస్ అయిన సీజీ 10 నంబరు లభిస్తుంది. ఈ ఖర్చు కలుపుకుంటే బంధువు ఇచ్చిన తగ్గింపులో ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోవడం మేలు.

తరచూ రాష్ట్రాలు మారే కేంద్ర ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల కోసం 2021 సెప్టెంబరులో భారత్ సిరీస్ నంబర్లు ప్రవేశపెట్టారు. సాధారణ నంబరున్న వాహనాన్ని కూడా ఈ సిరీస్‌లోకి మార్చుకునే వీలును 2022 డిసెంబరులో కల్పించారు. రైల్వే ఉద్యోగులు పరిశీలించదగిన మార్గమిది.

హెల్మెట్ కూడా ధరలో భాగమే

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పాత బండ్ల బజారుకు చక్కగా సరిపోతుంది. అందుకే కొనేవారు దృష్టినంతా ధరపైనే ఉంచి, మిగిలిన ఖర్చులను మరచిపోతుంటారు. కేంద్ర రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారు 74,897 మంది. హెల్మెట్ ధరించకుండా మరణించినవారి సంఖ్య 50,029. ఇందులో వెనుక కూర్చున్నవారు 14,337 మంది. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి అన్న నిబంధన కేవలం పోలీసుల జరిమానా కోసం పెట్టినది కాదనడానికి ఈ అంకెలే నిదర్శనం.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల తయారీ, విక్రయం నిషిద్ధం. బండితోపాటు అమ్మినవారు ఉచితంగా ఇచ్చే పాత హెల్మెట్‌ను నమ్ముకోరాదు. హెల్మెట్ లోపలి దళసరి ఫోమ్ పొర దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి తలను కాపాడుతుంది. ఒకసారి నలిగిన పొర మళ్లీ పనిచేయదు. ఆ దెబ్బ పైకి కనిపించకపోవచ్చు కూడా. కనుక రెండు కొత్త హెల్మెట్లు, చేతి తొడుగులు, మడమను కప్పే బూట్లు బండి ధరలో భాగంగానే పరిగణించాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరిలో దళసరి జాకెట్ భరించడం కష్టమే. గాలి ఆడే జాలీ జాకెట్లు అందుకే ఉన్నాయి.

బండి ఎంపికలో కూడా ఇదే దృష్టి ఉండాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్లకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు, అంతకు లోపువాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. ధరలో కొద్ది తేడాయే ఉంటే ఆ తరువాతి బండి తీసుకోవడం శ్రేయస్కరం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడాలి. పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతున్నట్లు. టైరుపై ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీలోని నంబర్లతో సరిపోవాలి. ఫైనాన్స్ కంపెనీ అప్పు ఇంకా ఉందా, చలాన్లు బకాయి ఉన్నాయా అన్నది కూడా బండి నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూసుకోవాలి.

చేయవలసినదేమిటి?

పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ వద్ద అనుమతి పొందాలని, తమ వద్దకు వచ్చిన వాహనం వివరాలు తెలియజేయాలని నిర్దేశించే నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఇది ఆహ్వానించదగిన పరిణామం. అయితే ఒక క్వార్టర్ నుంచి పక్క క్వార్టర్‌కు, ఒక బంధువు నుంచి మరో బంధువుకు మారే బండి డీలరు గడప తొక్కదు. ఈ నిబంధన దానిని తాకదు.

పేరు మార్పుకు ఒక కార్యాలయం, బీమా మార్పుకు మరో కార్యాలయం, ఒకదానికి 30 రోజులు, మరొకదానికి 14 రోజులు అన్న ఏర్పాటే ఈ నిర్లక్ష్యానికి ఊతమిస్తోంది. కార్యాలయాల చుట్టూ తిరగలేక పని వాయిదా వేశామన్న సామాన్యుడి వాదనలో న్యాయం లేకపోలేదు. రిజిస్ట్రేషన్ వివరాలు, బీమా వివరాలు రెండూ కంప్యూటర్లలో ఉన్న ఈ రోజుల్లో ఒకే దరఖాస్తుతో రెండు పేర్లూ మారేలా చేయడం అసాధ్యమేమీ కాదు. ఆ దిశగా చట్టాన్ని సవరించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

అది జరిగేవరకు కొనేవారి చేతిలో ఉన్న ఆయుధం డబ్బే. పూర్తి సొమ్ము ముందే చెల్లించకుండా, కొంత మొత్తం పేరు మార్పు పూర్తయిన తరువాత ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవచ్చు. అమ్మేవారు కూడా ఖాళీ ఫారాలపై సంతకాలు చేయడం మాని, కొనేవారితో కలిసి దరఖాస్తు దాఖలు చేసి, రసీదు భద్రపరచుకోవాలి. కొత్త పేరుతో ఆర్‌సీ, కొత్త పేరుతో బీమా చేతికి వచ్చిన తరువాతే బండి నిజంగా సొంతమైనట్లు. అంతవరకు ఆ బండిని రోడ్డెక్కించకపోవడమే ఇరుపక్షాలకూ క్షేమం.